ముందు కారణం వెతకండి, సామాను తర్వాత మార్చొచ్చు

ఈసారి పంట గురించి కాదు, ఇంటి ముందు వేపచెట్టు కింద నిలబెట్టుకునే పాత కారు గురించి రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టే. పాత పెట్రోలు బండి ఉన్నవాళ్లు మాత్రం ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మన ఊళ్లల్లో ఇప్పటికీ మారుతి 800లు, ఓమ్నీలు, పాత ఆల్టోలు ఎన్ని తిరుగుతున్నాయో మీకు తెలుసు. 800 తయారీ 2014లోనే ఆపేశారు. అంటే ఆఖరున వచ్చిన బండికి కూడా పదేళ్లు దాటిపోయాయి. మనోళ్ల దగ్గర ఉన్నవి అంతకంటే చాలా పాతవి. తక్కువకి వచ్చిందని టౌన్లో ఎవరి దగ్గరో కొని తెచ్చుకుంటాం. ఎరువుల కట్టలు దాంట్లోనే, ఆసుపత్రికి దాంట్లోనే, పెళ్లిళ్లకి దాంట్లోనే. వీటన్నిటికీ ఒకటే కంప్లైంటు. నిలబెడితే ఒళ్లంతా వణుకుద్ది, యాక్సిలేటర్ మీద కాలు తీస్తే ఆగిపోద్ది.

ఈ కంప్లైంటుతో షెడ్డుకి పోతే ఏం జరుగుద్దో కూడా చూసే ఉంటారు. ముందు ప్లగ్గులు మారుస్తారు. రెండ్రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే. తర్వాత ప్లగ్ వైర్లు. ఆ తర్వాత కాయిల్. ఇంకోసారి పోతే కార్బరేటర్ కిట్టు. చివరికి "అన్నా, కార్బరేటరే పోయింది, కొత్తది వేద్దాం" అంటారు. బండి కొన్న డబ్బుల్లో పావు వంతు సామానుకే పోయాక కూడా, స్పీడ్ బ్రేకర్ దగ్గర కాలు తీయగానే అది అట్లాగే ఆగుద్ది.

నేను చెప్పేది రెండు మాటలు. ఎందుకు ఆగుతోందో మీ కళ్లకి చూపించకుండా ఒక్క సామాను కూడా మార్చనివ్వకండి. రెండోది, ఆ కారణం వెతికినందుకు మెకానిక్కి విడిగా డబ్బులివ్వండి. ఈ రెండో మాట చాలామందికి రుచించదు. అయినా చెప్తా.

మనం మెకానిక్కి దేనికి డబ్బులిస్తున్నాం? వేసిన సామానుకి, బిగించిన కూలికి. గంటసేపు బానెట్‌లో తల పెట్టి, విని, చేత్తో తడిమి, "ఈ పైపు చీలింది బాబాయ్, ముక్క మారిస్తే చాలు" అన్నవాడికి ఎంతిస్తాం? టీ తాగించి యాభై చేతిలో పెడతాం. మూడువేల సామాను వేసినవాడికి మాత్రం బేరం ఆడి అయినా ఇచ్చేస్తాం. మరి వాడు వెతకడం నేర్చుకుంటాడా, మార్చడం నేర్చుకుంటాడా? పురుగుమందుల షాపులో సలహాకి డబ్బులు తీసుకోరు, అందుకని ప్రతి సలహా సీసాతోనే బయటికి వస్తుంది. షెడ్డులో కూడా అదే లెక్క. ఇది మెకానిక్కుల్ని తిట్టడానికి చెప్పట్లేదు. మన దగ్గర మంచి పనోళ్లు ఉన్నారు, వాళ్ల చేత వెతికించుకునే పద్ధతి మన దగ్గర లేదు.

మిరప వేసినవాళ్లకి ఒక్క మాటలో అర్థమవుద్ది. ఆకు ముడుచుకుంది. ముడత పైకి ఉంటే తామర పురుగు. కిందికి ఉంటే నల్లి. ఇవి కాక వైరస్ వల్ల వచ్చే ముడత వేరే ఉంది, దానికి ఏ మందూ పనిచేయదు, దాన్ని మోసుకొచ్చే తెల్లదోమ మీద కొట్టాలి. మూడింటికీ మనం పెట్టే పేరు ఒకటే, ముడత. ఆకు తిప్పి చూడకుండా మూడు మందులు కలిపి కొట్టినోడికి ఖర్చు మూడింతలు, ఏది పనిచేసిందో తెలియదు, పైగా చేను మాడుద్ది. కారు వణకడం కూడా ముడత లాంటిదే. అది గుర్తు మాత్రమే, దాని వెనక రోగాలు ఓ డజను ఉంటాయి.

అసలు కాలు తీసినప్పుడే ఎందుకు ఆగుద్ది? డ్రిప్ ఉన్నవాళ్లు ఆలోచించండి. మోటారు పూర్తి ప్రెషర్‌లో ఉన్నప్పుడు లైన్లో చిన్న కంత ఉన్నా చివరి మొక్కదాకా నీళ్లు పోతాయి. ప్రెషర్ తగ్గితే అదే కంత వల్ల చివరి సాళ్లు ఎండుతాయి. ఇంజన్ కూడా అంతే. యాక్సిలేటర్ తొక్కినప్పుడు బోలెడు గాలి, బోలెడు పెట్రోలు లోపలికి పోతాయి, చిన్న తేడా కనపడదు. కాలు తీస్తే గాలి పోయే మూత దాదాపు మూసుకుంటుంది. సన్నటి దారిలోంచి కొద్దిపాటి గాలి, చుక్కంత పెట్రోలు. అప్పుడు పక్కనుంచి కొంచెం గాలి దూరినా, జెట్టులో నలుసు పడ్డా, ఒక ప్లగ్గు సరిగా మెరవకపోయినా ఇంజన్ తట్టుకోలేదు. అందుకే రోడ్డు మీద బాగానే పోయే బండి నిలబెడితే ఆగుద్ది. ఇది రోగమెక్కడుందో చెప్పే మొదటి సాక్ష్యం. రోడ్డు మీద కూడా పీకుతూ, గుంజుతూ పోతుంటే అది వేరే కథ, పెట్రోలు సరిపోవట్లేదనో కరెంటు సరిగా లేదనో అనుకోవాలి.

బానెట్ ఎత్తకముందే తెలుసుకోవాల్సింది ఇంకా ఉంది. ఒక వారం బండిని గమనించి చిన్న కాగితం మీద రాయండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడే ఆగుతోందా, వేడెక్కాకా? ఠక్కున తాళం తీసినట్టు ఆగుతోందా, దగ్గి దగ్గి ఆగుతోందా? ఠక్కున ఆగితే చాలావరకు కరెంటు వైపు లోపం, దగ్గి ఆగితే పెట్రోలు వైపు లేదా గాలి వైపు. వాన పడ్డ రోజే వస్తోందా? బ్రేకు తొక్కినప్పుడు వణుకు మారుతోందా? లైట్లు, ఏసీ వేస్తేనే ఆగుతోందా? పొగ ఉందా, ఉంటే నల్లదా, నీలమా? ఈ కాగితం తీసుకెళ్లి మెకానిక్ ముందు పెడితే సగం పని అయిపోయినట్టే. "ఊరికే ఆగిపోతోంది, చూడు" అంటే ఆయన ప్లగ్గుల దగ్గర్నుంచే మొదలుపెడతాడు, ఆయన తప్పు కాదు.

ఇంకో సంగతి. 800, ఓమ్నీ, పాత ఆల్టోల్లో చాలావరకు మూడు సిలిండర్ల బండ్లు. బాగున్నప్పుడు కూడా నాలుగు సిలిండర్ల బండి కంటే ఎక్కువ అదురుతాయి. శబ్దం సమంగా, ఒకే తాళంలో వస్తూ బాడీ మాత్రం వణుకుతుంటే అది ఇంజన్ లోపం కాకపోవచ్చు. ఇంజన్ కూర్చున్న మౌంటింగ్ రబ్బర్లు అరిగినా, చిరిగినా అట్లాగే ఉంటుంది. దీనికి కార్బరేటర్ విప్పించుకున్నవాళ్లు ఉన్నారు. ముందు చెవి పెట్టి వినండి. తాళం తప్పుతుంటేనే ఇంజన్లోకి పోవాలి.

ఇప్పుడు చేత్తో చేసే పరీక్షలు. అంతకంటే ముందు జాగ్రత్తలు. పాకలో, తలుపులు మూసిన షెడ్డులో ఇంజన్ ఆన్‌లో పెట్టకండి, ఆ పొగ వాసన లేకుండానే మనిషిని చంపుద్ది. మెడలో తువ్వాలు, లుంగీ కొంగు ఇవి బెల్టు దగ్గరికి రానివ్వకండి. రేడియేటర్ ఫ్యాను కరెంటుది ఉన్న బండ్లలో అది ఆగి ఉన్నట్టే ఉండి ఒక్కసారి తిరుగుద్ది. పెట్రోలు పైపు విప్పేటప్పుడు బీడీ, సిగరెట్ దూరంగా. కొంతమంది గాలి లీకు కనుక్కోవడానికి నడుస్తున్న ఇంజన్ మీద పెట్రోలు చల్లుతారు. చచ్చినా ఆ పని చేయకండి. దానికి సబ్బు నీళ్లు చాలు.

నా ఉద్దేశంలో పాత బండ్లలో అందరికంటే ముందు చూడాల్సింది, అందరూ చివరికి వదిలేసేది ఈ గాలి లీకే. బోరు మోటారుకి కాదు గానీ, కాలవ మీద పెట్టే ఇంజన్‌కి సక్షన్ పైపులో చిన్న పగులుంటే ఏమవుద్ది? గాలి లాగుద్ది, నీళ్లు పట్టదు. పంపు బాగాలేదని పంపు మార్చేస్తామా? చెయ్యి పెట్టి పైపంతా తడిమి, మట్టి మెత్తి చూస్తాం. కారు ఇంజన్ కూడా పీల్చే యంత్రమే. దానికి సన్న రబ్బరు పైపులు నాలుగైదు వైపుల నుంచి వచ్చి తగులుతాయి. ఒకటి బ్రేకు బూస్టర్‌కి పోతుంది, ఒకటి డిస్ట్రిబ్యూటర్‌కి, ఒకటి ట్యాపెట్ కవరు నుంచి వస్తుంది. ఇరవై ఏళ్ల ఎండకి, ఇంజన్ వేడికి ఆ రబ్బరు గట్టిపడి గాజులా పగులుద్ది. పగులు ఎక్కువగా పైపు చివర, క్లిప్పు కింద ఉంటుంది, పైకి కనపడదు. వంచి చూస్తేనే తెలుస్తుంది.

పరీక్ష చాలా తేలిక. ఇంజన్ ఆన్‌లో పెట్టి, చిన్న స్ప్రే సీసాతో సబ్బు నీళ్లు ఒక్కో పైపు చివర, కార్బరేటర్ కింద ప్యాకింగ్ చుట్టూ, మానిఫోల్డు ఇంజన్‌కి తగిలే అంచున కొట్టండి. ప్లగ్ వైర్ల మీద, డిస్ట్రిబ్యూటర్ మీద పడనివ్వకండి. ఎక్కడ కొట్టినప్పుడు ఇంజన్ శబ్దం మారుద్దో అక్కడ లీకు ఉంది. చోక్ ఉన్న బండైతే ఇంకో గుర్తు. ఇంజన్ వేడెక్కాక వణుకుతున్నప్పుడు చోక్ కొంచెం లాగండి. నునుపుగా తిరిగితే గాలి ఎక్కువో పెట్రోలు తక్కువో అవుతోందని అర్థం. ఇంకా అధ్వాన్నమై నల్ల పొగ వస్తే పెట్రోలే ఎక్కువ పోతోంది, ఎయిర్ ఫిల్టర్, ఫ్లోట్ చూసుకోవాలి. తైవాన్ స్ప్రేయర్ వాడేవాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు. చోక్ వేస్తే నడిచి, తీస్తే ఆగే స్ప్రేయర్‌కి జెట్టు ఊదించి తెచ్చుకుంటారుగా. అదే లెక్క.

బ్రేకు బూస్టర్ పైపు గురించి విడిగా చెప్తున్నా, ఎందుకంటే ఇక్కడ పోయేది డబ్బులు మాత్రమే కాదు. ఇంజన్ ఆపి బ్రేకు నాలుగైదుసార్లు తొక్కండి, గట్టిపడుద్ది. కాలు అలాగే నొక్కి ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే బూస్టర్‌కి పీల్పు అందట్లేదు. తొక్కినప్పుడు ఇంజన్ వణుకు మారినా, కాలి దగ్గర బుస్సుమని శబ్దం వచ్చినా అనుమానం దాని మీదే. బూస్టర్ ఉన్న బండి దిగుడులో ఆగిపోతే రెండు మూడు తొక్కుల తర్వాత బ్రేకు రాయిలా అయిపోద్ది. పోలేదని కంగారుపడకుండా బలమంతా పెట్టి తొక్కాలి, ఆగుద్ది. ఇంట్లో బండి నడిపే పిల్లలకి కూడా ఈ మాట చెప్పి ఉంచండి.

మాకు దగ్గరలోనే ఒక రైతు ఓమ్నీకి ఇట్లాగే ప్లగ్గులు, కాయిల్, కార్బరేటర్ కిట్టు, చివరికి పాత సామాన్ల బజారు నుంచి ఇంకో కార్బరేటర్, అన్నీ అయ్యాయి. మొత్తం తొమ్మిదివేల పైమాటే. మొన్న వేరే పనోడు సీటు ఎత్తి బూస్టర్ పైపు తీసి వంచితే కింద వైపు బెత్తెడు చీలిక. పైపు ఖరీదు ఆయన పెట్రోలు ఖర్చుకి కూడా సమానం కాదు. తీసేసిన పాత కార్బరేటర్ ఏమైందంటే షెడ్డులోనే వదిలేశాడట. తీసిన పాత సామాను ఎప్పుడూ ఇంటికి తెచ్చుకోండి. అది బాగున్నదో లేదో తర్వాతైనా తెలుస్తుంది.

ఇక కరెంటు. మూడు సిలిండర్లలో ఒకటి పనిచేయకపోతే బలంలో మూడో వంతు పోయినట్టే. ఏది పనిచేయట్లేదో కనుక్కోకుండా మూడు ప్లగ్గులూ మార్చడం గుడ్డి పని. కార్బరేటర్ బండ్లకి ఇట్లా చేయండి. ఇంజన్ ఆపండి. ఒక ప్లగ్ వైరు తీసి, దానికి ఇంకో పాత ప్లగ్గు తగిలించి, ఆ ప్లగ్గు ఇనుము ఇంజన్ బాడీకి గట్టిగా ఆనేలా కట్టండి. అది పెట్రోలు పైపులకి దూరంగా ఉండాలి, చేత్తో పట్టుకోకూడదు. ఇప్పుడు స్టార్ట్ చేసి వినండి. వణుకు ఇంకా పెరిగితే ఆ సిలిండర్ బాగున్నట్టు. ఏ తేడా లేకపోతే దోషి అదే. మూడూ ఇట్లా చూడండి. ఎంపీఎఫ్ఐ బండ్లలో ప్లగ్ వైరు జోలికి పోవద్దు, మెకానిక్ చేత ఒక్కో ఇంజెక్టర్ ప్లగ్గు తీయించి ఇదే పరీక్ష చేయించండి.

దొరికిన సిలిండర్ ప్లగ్గు విప్పి చూడండి. లేత ఇటుక రంగులో ఉంటే మండటం బాగుంది. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా కాలి ఉంటే గాలి ఎక్కువ. ఆయిలు జిడ్డుగా ఉంటే లోపల రింగులో, వాల్వు సీళ్లో చూసుకోవాలి. పెట్రోలుతో తడిసి ఉంటే దానికి కరెంటు రావట్లేదు. ఆ ప్లగ్గుని పక్క సిలిండర్‌కి మార్చి చూస్తే లోపం ప్లగ్గుతో పాటు పోయిందా, అక్కడే ఉందా తెలిసిపోద్ది. ఒక్క రూపాయి ఖర్చు లేదు.

వానాకాలంలో, మంచు పడే పొద్దుల్లోనే ఇబ్బంది పెట్టే బండికి చీకట్లో బానెట్ ఎత్తి చూడండి. వైర్ల మీద, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మీద నీలం మెరుపులు పాకుతుంటే అక్కడ కరెంటు దారి తప్పుతోంది. క్యాప్ లోపల సన్న గీతలా నల్లటి పగులు కనపడుద్ది. పాయింట్లు ఉన్న పాత డిస్ట్రిబ్యూటర్ అయితే పాయింట్లు కాలి గుంటలు పడ్డాయా, గ్యాపు సరిగా ఉందా చూడాలి. ఇప్పటి కుర్ర మెకానిక్కుల్లో చాలామందికి పాయింట్ల గ్యాపు పెట్టడం రాదు. ఊళ్లో అంబాసిడర్ కాలం నాటి పెద్దాయన ఎవరైనా ఉంటే ఆయన దగ్గరికే పోండి, అడిగినంత ఇవ్వండి.

పెట్రోలు వైపు కూడా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. బండి నాలుగైదు కిలోమీటర్లు బాగా పోయి, మెల్లగా బలం తగ్గి ఆగి, పావుగంట ఆగాక మళ్లీ నడుస్తుంటే, ఆగిన వెంటనే ట్యాంకు మూత తీయండి. బుస్సున గాలి లోపలికి పోయి, మూత వదులుగా పెడితే బండి మామూలుగా నడిస్తే, మూతకుండే గాలి కంత మూసుకుపోయింది. దుమ్ములో తిరిగే మన బండ్లకి ఇది మామూలే. ఎండాకాలం మధ్యాహ్నం మాత్రమే, అదీ ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు ఆగి, చల్లబడ్డాక నడిస్తే పైపులో పెట్రోలు వేడికి ఆవిరై పంపుకి అందట్లేదని అర్థం. పెట్రోలు పైపు ఇంజన్‌కి మరీ ఆనుకుని పోతుంటే పక్కకి జరిపించండి. కొన్ని కార్బరేటర్లకి తాళం తిప్పగానే టిక్కుమనే చిన్న సోలినాయిడ్ ఉంటుంది. దానికి వైరు ఊడినా, అది కాలినా కాలు తీస్తే చాలు ఆగుద్ది. ఆ టిక్కు వినపడుతోందో లేదో వినడానికి అర నిమిషం పట్టదు, కార్బరేటర్ మార్చే ముందు ఆ అర నిమిషం ఖర్చు పెట్టమనండి.

పెట్రోలు మాట వచ్చింది కాబట్టి ఇథనాల్ సంగతి కూడా. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. మన చెరకు, మొక్కజొన్న, నూకల నుంచే అది తీస్తున్నారు, ఆ పంటలు వేసే రైతుకి అదొక గిరాకీ. దాన్ని నేను కాదనను. కానీ పాత బండి ఉన్న రైతు ఇంకో సంగతి తెలుసుకోవాలి. ఇథనాల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. నాట్ల కాలంలో నెల రోజులు బండి తీయకపోతే, నీరు ఎక్కువైతే అది విడిపోయి ట్యాంకు అడుక్కి చేరుద్ది. ఆ నీళ్లే ముందు ఇంజన్లోకి వస్తాయి. పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రంలు దీనికోసం చేసినవి కావు, ఉబ్బుతాయి, చీలుతాయి. కార్బరేటర్‌కి తనంతట తాను సర్దుకునే తెలివి లేదు కాబట్టి, ఇథనాల్ పెరిగేకొద్దీ మిశ్రమం పల్చబడి చల్లటి ఇంజన్ ఇంకాస్త మొరాయిస్తుంది. అందుకని పెట్రోలు పైపులు ఇథనాల్ తట్టుకునే రకంవి వేయించుకోండి, బండిని వారానికి ఒకసారైనా పది కిలోమీటర్లు తిప్పండి. "అంతా పెట్రోలు వల్లే" అని చేతులెత్తేసే మెకానిక్ మాట మాత్రం పూర్తిగా నమ్మకండి. అదే బంకులో కొట్టించుకున్న పక్కింటి 800 బాగానే నడుస్తోంది కదా.

ఎంపీఎఫ్ఐ బండ్ల గురించి తక్కువే చెప్తా, చాలా పరీక్షలు పైనవే. 2000 ప్రాంతం నుంచి 800లో ఈ రకం వచ్చింది. వీటిలో ఐడిలింగ్‌ని కంప్యూటరే చూసుకుంటుంది కాబట్టి ముందుగా మురికి పట్టేది థ్రాటిల్ బాడీ, దాని పక్కన ఐడిలింగ్ గాలిని వదిలే వాల్వు. విప్పి క్లీనర్‌తో శుభ్రం చేస్తే చాలా బండ్లు దారికొస్తాయి. తర్వాత బ్యాటరీ టెర్మినళ్లు, ఇంజన్ నుంచి బాడీకి పోయే ఎర్త్ వైరు. ఇవి వదులైతే కంప్యూటర్‌కి పిచ్చెక్కుద్ది. వేడెక్కాక ఠక్కున ఆగి, చల్లబడ్డాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయితే ఇంజన్ తిరగడాన్ని చూసే సెన్సర్ మీద అనుమానం పెట్టుకోండి. డ్యాష్‌బోర్డులో ఇంజన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టించండి. కానీ స్కానర్ చెప్పే కోడు కూడా గుర్తే, కారణం కాదు. "ఆక్సిజన్ సెన్సర్" అని కోడు వచ్చినంత మాత్రాన సెన్సర్ పోయినట్టు కాదు, గాలి లీకు ఉన్నా అదే కోడు రావచ్చు. సబ్బు నీళ్ల సీసా ఇక్కడా పనికొస్తుంది.

గ్యాసు మీద నడిపే బండ్ల వాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి. గ్యాసు మీద ఎక్కువ తిరిగిన పాత ఇంజన్లలో వాల్వు సీట్లు త్వరగా అరుగుతాయి. వాల్వు లోపలికి దిగేకొద్దీ ట్యాపెట్ గ్యాపు తగ్గిపోయి, వాల్వు పూర్తిగా మూసుకోదు. అప్పుడు వేడెక్కాక వణుకు ఎక్కువవుద్ది. ట్యాపెట్లు టక్‌టక్ మంటే చెడ్డదని అందరికీ తెలుసు, శబ్దం అసలు లేకపోవడం అంతకంటే చెడ్డదని కొద్దిమందికే తెలుసు. గ్యాపు కొలిపించండి. ఇంట్లో వంట సిలిండర్ కారులో పెట్టడం మాత్రం మానేయండి. అది చట్టానికి విరుద్ధం, దానికి తోడు మీ పిల్లలు కూర్చునే సీటు వెనకే ఉంటుంది.

పైవన్నీ చూసినా దొరకకపోతే అప్పుడు కంప్రెషన్ పరీక్ష. గేజి ఉన్న షెడ్డుకే పోండి, బొటనవేలు పెట్టి చూసేవాళ్ల దగ్గరికి కాదు. మూడింటిలో ఒకటి బాగా తక్కువ వస్తే ఆ సిలిండర్లో ఓ చెంచా ఇంజన్ ఆయిలు పోసి మళ్లీ కొలవమనండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. ఇంజన్ విప్పుదాం అన్నవాడు ఈ పరీక్ష చేశాడా లేదా అన్నది ఒక్కటే అడగండి. చేయకుండా విప్పుతానంటే తాళాలు తీసుకుని ఇంటికొచ్చేయండి.

ఇంతకీ మన షెడ్డుల్లో అన్నిటికంటే ముందు చేసేది ఏంటి? స్క్రూడ్రైవర్ తీసి స్లో స్క్రూ రెండు తిప్పులు పైకి తిప్పడం. ఆగడం ఆగిపోద్ది, మనం సంతోషంగా ఇంటికొస్తాం. వేరుకుళ్లు వచ్చిన మొక్కకి యూరియా చల్లితే నాలుగు రోజులు పచ్చగా కనపడదా? అట్లాంటిదే. లీకు లీకులాగే ఉంటుంది, పెట్రోలు ఎక్కువ తాగుద్ది, గేరు వేస్తే కటుక్కుమంటుంది, కాలు తీసినా బండి ముందుకి తోసుకుంటూ పోద్ది. నెల తిరిగేసరికి లీకు ఇంకా పెద్దదవుద్ది, మళ్లీ స్క్రూ. స్లో స్క్రూ ముట్టుకోవాల్సింది అన్నీ సరిచేశాక, ఇంజన్ బాగా వేడెక్కాక, చివరగా. షెడ్డుకి పోగానే దాని జోలికి పోయినవాడిని "ఆగన్నా, ముందు పైపులు చూడు" అనండి.

ఒకేసారి రెండు మార్చనివ్వకండి. ఒకటి మార్చాక పది కిలోమీటర్లు తిరిగి రండి. తగ్గిందా లేదా కాగితం మీద రాయండి. దీనికి షెడ్డు చుట్టూ రెండుసార్లు ఎక్కువ తిరగాల్సి వస్తుందని విసుక్కుంటారు, తెలుసు. పత్తి అమ్మిన డబ్బుల్లోంచి తొమ్మిదివేలు తీసేటప్పుడు కలిగే బాధ దానికంటే పెద్దది.

వెతికిన కూలి ఎంతివ్వాలని మొన్న ఒకాయన అడిగాడు. నా లెక్క ఇది. మన ఊళ్లో ఒక మగ కూలికి సగం రోజుకి ఎంతిస్తున్నామో, కనీసం అంత. సామాను పడినా పడకపోయినా ఇవ్వాలి. ముందే చెప్పి పెట్టాలి, "నువ్వు వెతుకు, దొరికినా దొరకకపోయినా ఇది నీది" అని. ఈ మాట విన్న మెకానిక్ మీ బండిని చూసే తీరే మారుద్ది, కావాలంటే ఒకసారి చేసి చూడండి.

బాగుచేసే లోపు బండి వాడక తప్పదు అనుకోండి, రాత్రిపూట ఆసుపత్రికి దాన్ని నమ్ముకోవద్దు, 108కే ఫోన్ చేయండి. రైలు గేటు దాటేటప్పుడు మొదటి గేర్లోనే, మధ్యలో గేరు మార్చకుండా పోండి. ఒకవేళ పట్టాల మీద ఆగిపోతే ముందు అందర్నీ దించేయండి. రైలు వచ్చే సూచన ఉంటే మీరూ దిగి దూరంగా పోండి, బండి పోతే పోయింది. టైము ఉందనుకుంటేనే మొదటి గేర్లో ఉంచి, క్లచ్ పూర్తిగా వదిలేసి సెల్ఫ్ కొట్టండి. ఇంజన్ అందుకోకపోయినా ఆ సెల్ఫ్ మోటారు బలానికే ఈ పాత బండ్లు గుంజుకుంటూ పట్టాలు దాటుతాయి.

మీ బండి సంగతి కింద రాయాలనుకునేవాళ్లు మోడల్ సంవత్సరం, కార్బరేటరా ఎంపీఎఫ్ఐనా, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఠక్కునా దగ్గుతూనా, ఇప్పటిదాకా ఏమేం మార్చారో రాయండి. నాకు తెలియకపోతే ఇక్కడున్న పనోళ్లు చెప్తారు. ఇండికా, బొలేరో వాళ్లు డీజిల్ గురించి అడుగుతారని తెలుసు. దాని లెక్క వేరు, అక్కడ ప్లగ్గు మెరుపు లేదు. డీజిల్ లైన్లో గాలి చేరడం దగ్గర్నుంచి మొదలుపెట్టి ఇంకోసారి రాస్తా, కోతలు అయ్యాక.